ముదరనిచ్చిన చుక్కకూర

ఎడారి దేశంలో తోటపని చేసి రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. "అక్కడ తోటలేమిటండీ, ఖర్జూరపు చెట్లకు నీళ్లు పోయడమేగా?" అంటారు. వ్యవసాయ డిగ్రీ చేతపట్టుకుని, ఆడిటరు ఉద్యోగం చేసే మా ఆయన వెంట బహ్రెయిన్‌లో దిగిన రోజున నా అభిప్రాయమూ అదే కాబట్టి వాళ్లనేమీ అనను. ఇప్పుడు తెనాలిలో మా చెల్లెలి కూతురు అదే పనికి బయల్దేరుతోంది. "పెద్దమ్మా, ఏం నేర్చుకుని వెళ్లను?" అని అడిగింది. నీళ్లు ఎలా పోయాలో అక్కడ ఎవరైనా నేర్పుతారు. ఎప్పుడు పోయకూడదో మాత్రం నేను చెబుతాను. అది నాకు తెలిసిరావడానికి ఒక ముసలావిడ, ఒక గిన్నెడు పప్పు కావలసి వచ్చాయి.

పైపులో వసంతం

మా కంపెనీ యార్డు సల్మాబాద్‌లో రెండు గ్యారేజీల మధ్య ఉండేది. ఒక పక్క రేకుల మీద సుత్తి దెబ్బలు, ఇంకో పక్క కార్ల పెయింటు వాసన, మధ్యలో నీడ వల కింద మా నారుమళ్లు. తెల్లవారకముందే కంపెనీ బస్సు క్యాంపు నుంచి మనుషుల్ని ఎక్కించుకుని ఒక్కో సైటు దగ్గర దించుతూ పోయేది. వాళ్లలో చాలామంది జగిత్యాల, నిజామాబాద్ వైపువాళ్లు. బహ్రెయిన్‌లో ఉండి, ఇంటికి ఫోన్ చేసి "దుబాయిల మంచిగనే ఉన్న" అనేవాళ్లు. నేను ఒకసారి దిద్దబోయాను.

"ఏ దుబాయైతేంది మేడం, ఇసుక గదే, ఎండ గదే" అన్నాడు లచ్చన్న.

లచ్చన్న మా ముఠాకు మేస్త్రి. నా ఈడువాడే. ఊళ్లో కూరగాయల మడి చేస్తుంటే బోరు ఎండిపోయి ఇటు వచ్చినవాడు. మనిషి నెమ్మది, చెయ్యి మాత్రం ఊరుకోదు. ఖాళీగా నిలబడితే గోడ మీద నాచైనా గోకుతూ ఉండేవాడు.

పని ఏమిటంటే, చలి మొదలవగానే రోడ్ల మధ్య పెటూనియాలు, బంతులు నాటడం, ఎండలు ముదరగానే పీకి పారేయడం. మొక్కల కింద నల్ల పైపు, అందులో శుద్ధి చేసిన మురుగునీరు. ఆ వాసనకు మొదట్లో ముక్కు మూసుకుంటాం, తర్వాత అది మన ఒంటికే పడుతుంది. ఆ పైపు ఒక్కరోజు మూతపడితే చాలు, మన పూలతోట బండారం బయటపడుతుంది. పెటూనియాలను తిట్టడం నా ఉద్దేశం కాదు, అవే నాకు అన్నం పెట్టాయి. కానీ వాటిని చూసి నేనెప్పుడూ ఆగి నిలబడలేదు.

మా మేనేజరు జోసెఫ్ గారు కేరళ మనిషి. పిసినారి, కోపిష్టి. పొద్దున్నే ఆయన ముఖం చూస్తే నారు వాడిపోతుందని కుర్రాళ్లు అనుకునేవాళ్లు. "పైపు లేని పువ్వుకు బిల్లు లేదమ్మా" అన్నది ఆయన వేదవాక్కు. అయినా నాకు పని నేర్పింది ఆయనే. ఏ మడి దగ్గరికి వెళ్లినా ముందు చూపుడువేలు మట్టిలో గుచ్చేవాడు. కణుపు దాకా దిగాక తడి తగిలితే పైపు కట్టేయమనేవాడు. మన మొక్కల్లో దాహంతో చచ్చినవాటికంటే నానిపోయి చచ్చినవే ఎక్కువని ఆయన చెబితే నేను నమ్మలేదు. తర్వాత ఎన్నో మళ్లు చూసి నమ్మాను. ఆ వేలు గుచ్చే అలవాటు నాకూ పట్టుకుంది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా వాళ్ల కుండీలో వేలు పెట్టి తిట్లు తింటాను.

పచ్చటి పొగ

నేను చేరిన తొలి చలికాలం వాన గట్టిగానే పడింది. రోడ్లు చెరువులయ్యాయి, ఆఫీసులకు సెలవులిచ్చారు, పిల్లలు ఆ నీళ్లలో కేరింతలు కొట్టారు. కొన్ని వారాలు గడిచాక సఖీర్ ఎడారి వైపు ఒక సైటు చూడటానికి వెళ్తున్నాను. కారు కిటికీలోంచి చూస్తే నేల మీద పచ్చటి పొగ పరుచుకుని ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. డ్రైవర్ని బండి ఆపమని, దిగి నడిచాను.

నేను నడిచేకొద్దీ ఆ పచ్చదనం వెనక్కి జరిగింది. దూరపు కొండలు నునుపంటారు, దూరపు ఎడారి పచ్చన అని ఆరోజు కలుపుకున్నాను. కాళ్ల కింద ఉత్త ఇసుక, గులకరాళ్లు. విసుగొచ్చి కూర్చున్నాను. కూర్చున్నాక కనబడ్డాయి.

వేలి గోరంత పసుపుపచ్చ పూలు, ఆకు కూడా లేనట్టు నేలకు అంటుకుని. వాటి పక్కన వంగపండు రంగువి. ఒక్కో దానికీ మధ్య జానెడు ఖాళీ. అవన్నీ ఒకే వైపు తల తిప్పి గాలికి వణుకుతున్నాయి. ఎవరూ నాటలేదు, ఎవరూ తడపలేదు. ఏ ఏడాది విత్తనమో, ఎన్ని ఎండలు మీదుగా పోయినా కదలకుండా పడుకుని, వాన చప్పుడు విని లేచింది. దూరంగా చమురు బావుల పంపులు తాపీగా తలలూపుతున్నాయి. ఇంకా దూరంగా గుడారాలు. చలి నెలల్లో అక్కడివాళ్లు పిల్లాజెల్లాతో ఎడారికి వచ్చి గుడారాలు వేసుకుని ఉంటారు. అటునుంచి ఏలకులు వేసిన కాఫీ వాసన వచ్చింది. నాకు ఎక్కడున్నానో తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఈ పూలను రబీ అంటారని తర్వాత తెలిసింది. రబీ అంటే వాళ్లకు వసంతం. మన రబీ పంట కూడా అదే మాట.

లేవబోతుంటే పరిచయమైన ఆకొకటి కనబడింది. మందంగా, మెత్తగా, కొంచెం బూడిద పూసినట్టు. తుంచి నోట్లో వేసుకున్నాను. చుక్కకూర! అచ్చం మన బజార్లో కట్టలు కట్టి అమ్మే చుక్కకూర. వాళ్లు హుమ్మైద్ అంటారు. కాస్త ముందుకు పోతే అదే మొక్క ముదిరి, కంకి నిండా పలచటి బుడగల్లాంటి కాయలు వేసుకుని, ఎర్రగా, గులాబీగా, ఎండ లోపలినుంచి దాటివచ్చేలా మెరుస్తోంది. నాకు సిగ్గేసింది. డిగ్రీ చదివాను, వారానికోసారి పప్పు చేశాను, చుక్కకూర ఇంత అందగత్తె అని తెలియదు. ఎలా తెలుస్తుంది? మనం దాన్ని లేతగా ఉండగానే కోసేస్తాం. కంకి వేసిందంటే "ముదిరిపోయింది" అని పెదవి విరుస్తాం.

డ్రైవరు హారన్ కొట్టేదాకా అక్కడే ఉన్నాను. ఆ తర్వాత వాన పడిన ప్రతి ఏడూ వెళ్లాను. వాన పడని ఏళ్లలోనూ వెళ్లి ఇసుక చూసి వచ్చాను.

గోడవైపు తిరిగిన మనిషి

చాలా ఏళ్ల తర్వాత ఒక చలికాలం, బుసైతీన్ నుంచి యూసుఫ్ అనే ఆయన యార్డుకు వచ్చాడు. తల్లి పెద్దావిడ, స్నానాలగదిలో జారి తుంటి విరిగింది. ఆపరేషన్ అయింది. ఎడారికి తీసుకెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిన్నప్పటి నుంచి ఒక్క చలికాలమూ తప్పకుండా సఖీర్‌లో గుడారం వేసుకుని, ఇసుకలో చాప మీద కూర్చుని హుమ్మైద్ ఏరుకున్న మనిషి.

"గుడారం వేయడం లేదని చెప్పిన రోజున గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఇటు తిరగలేదు" అన్నాడు. "పెడితే రెండు ముద్దలు తింటుంది, అడిగితే జవాబు చెప్పదు. ఆమె మంచం పక్క కిటికీ మా లోపలి ముంగిట్లోకి తెరుచుకుంటుంది. అక్కడ కొంచెం ఎడారి పెట్టగలరా?"

నేను ఒప్పుకున్నాను. జోసెఫ్ గారు తల పట్టుకున్నాడు. "ఎడారిలో ఇసుక అమ్ముతున్నావా అమ్మా? ఇంక మిగిలింది సముద్రానికి ఉప్పు అమ్మడమే" అన్నాడు.

అమ్మింది ఇసుక కాదు, అందులో నిద్రపోతున్న విత్తనాలు. పునాదులు తవ్వబోతున్న మా సైటు ఒకటి సఖీర్ దారిలో ఉంది. యజమానిని అడిగి అక్కడి పైపొర మట్టిని మాత్రం జాగ్రత్తగా గీకి, సంచులకెత్తి తెచ్చాం. లచ్చన్న ముఠా దాన్ని ఆ ముంగిట్లో అరచేతి మందాన పరిచింది. ఒక్కసారి వానలా తడిపించి, పైపు తీయించేశాను.

అక్కడ మొదలైంది గొడవ. నీళ్లు పోయని మడిని చూస్తే లచ్చన్నకు కాలూ చెయ్యీ ఆడలేదు.

"ఎండుతున్నది మేడం. జెర్రంత పోయనియ్యిండ్రి. పానం తరుక్కపోతున్నది."

"పోశావంటే నీ పని చెబుతా లచ్చన్నా. ఇవి నీళ్లు చూస్తే బలిసి పోతాయి, పూయవు."

"గిట్ల కడుపు మాడ్సి పెంచుడేంది?" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఆ తర్వాత మొలకలు వచ్చాయి. సూదిమొనల్లాంటివి, చారలవి, గుండ్రటివి. నేను వెళ్లినప్పుడల్లా కిటికీ వైపు చూసేదాన్ని. లోపల మంచం మీద నల్లటి గుడ్డ కప్పుకున్న వీపు కనబడేది. ముఖం ఎప్పుడూ చూడలేదు. వంటచేసే కమల అనే శ్రీలంక అమ్మాయి పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లేది, దాదాపు నిండుగానే వెనక్కి తెచ్చేది. ఆ వీపును చూసినప్పుడు నాకు భయమేసేది. పూలు రాకపోతే మనకు పోయేది ఒక కాంట్రాక్టు, ఆ కొడుకుకు పోయేది తల్లి.

టిఫిన్ డబ్బా

ఇంతలో ఒక హోటల్ పని మీదపడి నేను అటు వెళ్లలేకపోయాను. ముంగిలి లచ్చన్నకు అప్పజెప్పాను. ఒక మధ్యాహ్నం అతను ఆఫీసు గదికి వచ్చి, ముసిముసిగా నవ్వుతూ స్టీలు డబ్బా బల్ల మీద పెట్టాడు.

"తినుండ్రి మేడం. దుబాయిల ఇసొంటిది దొరకది."

మూత తీస్తే చుక్కకూర పప్పు. ఎండుమిర్చి, వెల్లుల్లి పోపు వాసనకు గది నిండిపోయింది. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నంలో కలుపుకుని తిన్నాను. డబ్బా అడుగు వేలితో నాకాను. ఆ తర్వాతే బుద్ధి పుట్టింది.

"లచ్చన్నా, కూర ఎక్కడిది?"

"గా ముసలమ్మ వాకిట్లది మేడం. పూలమడిల పువ్వు గానిది ఉంచొద్దని కంపెనీ రూలే గదా! సూస్తే సుక్కకూర. ముదురుతె ఎందుకూ పనికిరాదని లేతగున్నప్పుడే కోసిన. గడ్డి సుత పీకి సాఫ్ జేసిన."

నాకిన డబ్బా వైపు చూశాను.

"మొత్తం కోశావా?"

"మొత్తం. పీకలే మేడం, కోసిన. మల్ల ఇగురు పెడ్తది." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఇంటోల్ల భూమి, ఇంటోల్లకు పెట్టకుంట తింటమా? ఆల్లకు సుత ఒక గిన్నె ఇచ్చినం, కమలమ్మ చేతికి."

అంటే మా నేరానికి సాక్ష్యం మేమే వండి, పోపు పెట్టి, ఇంటికి పంపించామన్నమాట. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఫోన్ మోగింది. యూసుఫ్ గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "రేపు పొద్దున రండి. ఆ కోసిన మనిషిని కూడా తీసుకురండి" అని పెట్టేశాడు.

జోసెఫ్ గారికి చెప్పక తప్పలేదు. "ఖలాస్. లచ్చన్న పెట్టె సర్దుకోవచ్చు" అన్నాడు. కూర కోసినవాడిని పంపితే తిన్నదాన్ని నన్నూ పంపాలని నేనన్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూసి, యార్డులో కారుతున్న నీళ్ల పైపు బిగించడానికి వెళ్లిపోయాడు.

ఉమ్మ్ యూసుఫ్ కోపం

మర్నాడు దారి పొడుగునా లచ్చన్న చేతులు తొడల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. "పోలీసులకు అప్పజెప్తరా మేడం? కూరకు సుత జైలు ఉంటదా?" అని అడిగాడు. ఉండదన్నాను. నాకూ ధైర్యం లేదు.

ముంగిట్లో మడి బోసిగా ఉంది. అక్కడక్కడ పసుపు మొగ్గలు నాలుగైదు మిగిలాయి, మిగతాదంతా కత్తెర పడిన తల. యూసుఫ్ మమ్మల్ని సరాసరి తల్లి గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడి పద్ధతిలో ఆవిడను అందరూ ఉమ్మ్ యూసుఫ్, అంటే యూసుఫ్ వాళ్లమ్మ, అని పిలుస్తారు.

ఆవిడ దిండ్లకు ఆనుకుని, తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది. మొదటిసారి ముఖం చూశాను. చిన్న ముఖం, గడ్డం మీద పచ్చబొట్టు, నిప్పులు కక్కే కళ్లు. పక్క బల్ల మీద మా క్యాంపు స్టీలు గిన్నె.

"హుమ్మైద్‌ను ఉడకబెట్టింది ఎవరు?" అంది.

పనిలో నేర్చుకున్న అరబ్బీలో నేనేదో క్షమాపణ మొదలుపెట్టాను. వినలేదు.

"దాన్ని ఇసుకలో కూర్చుని తింటారు. చేత్తో తుంచి, దులుపుకుని, పచ్చిగా తింటారు. కందిపప్పులో వేసి, వెల్లుల్లి కొట్టి... మీకు తల్లులు లేరా? ఎవరూ నేర్పలేదా?"

లచ్చన్నకు భాష తెలియకపోయినా తిట్లు ఏ భాషలోనైనా తెలుస్తాయి. చేతులు జోడించాడు. "తప్పైంది అమ్మా" అన్నాడు తెలుగులోనే.

"పైగా కారం! ఇంత కారమా!" అని ఆవిడ గిన్నె ఎత్తి చూపించింది. గిన్నె ఖాళీగా ఉంది.

యూసుఫ్ నా పక్కకు జరిగాడు. "నిన్న మధ్యాహ్నం నుంచి తిడుతూనే ఉంది" అన్నాడు మెల్లగా. "తింటూ తిట్టింది, తిని తిట్టింది. కోసినవాడిని తన ముందు నిలబెట్టమంది. నాతో ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో." ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నా కళ్లూ ఊరుకోలేదు.

ఆవిడ చేతికర్ర అడిగి తీసుకుంది. చక్రాల కుర్చీ కిటికీ దగ్గర పెట్టమంది. "మిగిలిన మొదళ్లు బతికే ఉన్నాయి. వాటిని ఎర్రబడనివ్వాలి. వీడిని అక్కడికి రానివ్వొద్దు. నేను చూసుకుంటాను" అంది. పెట్టె సర్దుకునే మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఎరుపు

లచ్చన్న అన్నట్టే మొదళ్లు ఇగురు పెట్టాయి. ఒక్కో కొమ్మకు రెండు మూడు కొమ్మలు లేచాయి. ఆవిడ తెల్లవారిందగ్గర నుంచి కిటికీ దగ్గరే కాపలా. ముంగిట్లో వేరే పనికి వెళ్లిన లచ్చన్న మడి వైపు వంగితే చాలు, కర్రతో కిటికీ అద్దం మీద టకటకా కొట్టేది. "యల్లా! యల్లా!" అని, కదలమన్నట్టు చెయ్యి ఊపేది.

"గా ముసలమ్మకు నేనంటె పెద్ద దొంగనే మేడం" అన్నాడు లచ్చన్న.

"కాదా మరి?"

"సుక్కకూర దొంగను" అని నవ్వాడు.

సఖీర్‌లో గుడారాలు పీకేసే రోజులకు, ఎండ కాస్త చురుక్కుమంటున్నప్పుడు, ఆ మడి ఎర్రబడింది. ఒక్క రోజులో కాదు. మొదట అంచులు, తర్వాత నరాలు, తర్వాత బుడగలన్నీ. సాయంత్రపు ఎండ గోడ మీదినుంచి వాలి వాటిలోంచి దాటితే ముంగిలంతా పలచటి గులాబీ వెలుతురు పడేది. పక్కనే మిగిలిపోయిన పసుపు పూలు. యూసుఫ్ గుడారపు తివాచీ తెచ్చి అక్కడే పరిచాడు. తల్లిని కుర్చీతో సహా బయటికి తెచ్చారు. కాఫీ వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని ముఖం ఎత్తి కూర్చుంది. నేనూ కళ్లు మూసుకున్నాను. పక్క ఇంటి ఏసీ హోరు సఖీర్ గాలిలాగే వినిపించింది.

కాసేపటికి ఆవిడ కర్రతో లచ్చన్నను పిలిచింది. ఎర్రటి కొమ్మ ఒకటి తన చేత్తో తుంచి, దులిపి, అతని నోటికి అందించింది. లచ్చన్న తలవంచి తీసుకున్నాడు, శ్రద్ధగా నమిలాడు.

"ఎలా ఉందంటాడు?" అంది నాతో.

లచ్చన్న నా వైపు వంగి, మర్యాదగా నవ్వుతూనే చెప్పాడు. "ముదిరింది మేడం. పీసు పీసు ఉన్నది."

"ఇంత రుచి ఎప్పుడూ ఎరగడట" అన్నాను.

ఉత్త ఇసుక

ఎండలు వచ్చాక మడి ఎండి, గాలికి కాయలు రాలి, ఉత్త ఇసుక మిగిలింది. వచ్చే చలికాలానికి అక్కడ పెటూనియాలు పెడదామని జోసెఫ్ గారు కబురు పంపాడు. వద్దని జవాబు వచ్చింది. మొక్కలు వద్దు, నీళ్లు వద్దు, ఎవరూ తొక్కవద్దు. మా కంపెనీ చేతుల్లోంచి వెళ్లిన మళ్లలో పైపు లేనిది అదొక్కటే. వాన పడిన ఏడాది అది తనంతట తను ఎర్రబడేది. పడని ఏడాది ఇసుకగానే ఉండేది. ఆ తర్వాత నేను మా మనుషులకు ఏ మడి అప్పజెప్పినా, ఏది పువ్వో చెప్పి ఊరుకోలేదు. అది ఎవరి కోసం పూయాలో కూడా చెప్పాను. కంపెనీ రూలు కంటే అది బాగా పనిచేస్తుంది.

లచ్చన్న నాకంటే ముందే ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు మడి మూలలో కొన్ని చుక్కకూర మొక్కల్ని కోయకుండా వదిలేస్తున్నాడట. ఎందుకని అడిగితే "ఊకెనే" అన్నాడు ఫోన్లో.

నేను బయల్దేరే ముందు బుసైతీన్ వెళ్లాను. నడివేసవి, మధ్యాహ్నం, వీధిలో పిట్ట లేదు. ముంగిలి తలుపు తెరిచే ఉంది. మడి నిండా బూడిదరంగు ఇసుక, ఒక్క పుల్ల కూడా లేదు. చూస్తూ చూస్తూ వంగి, పాత అలవాటున చూపుడువేలు అందులో గుచ్చబోయాను.

కిటికీ అద్దం మీద టకటకా చప్పుడైంది.

తలెత్తి చూశాను. ఆవిడ అక్కడే ఉంది, కర్ర ఎత్తి, నా వైపే తిరిగి. ముఖం ఇంకా చిన్నదైపోయింది, కళ్లు మాత్రం అవే. నేను వేలు వెనక్కి తీసుకుని, ఆ చేత్తోనే సలాం పెట్టాను.